ఆ బడ్‌వైజర్ 'వస్సాప్' యాడ్‌లో అంత గొప్పేముంది?

బెంచిమీది_బాబాయ్
నిన్న మా అబ్బాయి ఫోన్లో ఏదో చూసి పడీపడీ నవ్వుతున్నాడు. తొంగి చూస్తే 1999 నాటి బడ్‌వైజర్ బీరు యాడ్. నలుగురైదుగురు కుర్రాళ్లు ఫోన్లో నాలుక బయటపెట్టి "వస్సాఆఆప్" అని అరుచుకుంటారు, గుర్తుందా? "నాన్నా, ఇది గొప్ప యాడ్‌లలో ఒకటట. అప్పుడు నువ్వు అమెరికాలోనే ఉన్నావుగా" అన్నాడు.

ఉన్నాను. వై2కే బ్యాచ్, అంటే 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లలో తేదీలు తప్పిపోకుండా సరిచేయడానికి వెళ్లినవాళ్లం. 2000 జనవరిలో సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) రోజున న్యూజెర్సీలో కన్సల్టెన్సీ వాడి గెస్ట్ హౌస్‌లో తొమ్మిదిమందిమి ఒకే టీవీ ముందు కూర్చుని చూశాం. ఆట అర్థం కాలేదు. యాడ్ అంతకన్నా అర్థం కాలేదు. బీరు రుచి గురించి ఒక్క ముక్క లేదు, కథ లేదు, పాట లేదు, అందమైన అమ్మాయి కూడా లేదు. అరుపులే. దీనికి కాన్ యాడ్‌ల పండగలో గ్రాండ్ ప్రి, అంటే పెద్ద ప్రైజు, ఇచ్చారట. నాకెక్కడ అందలేదో ఎవరైనా చెప్పండి.

ఉల్లిపెసరట్టు
మీకు అందకపోవడానికి అందులో ఏమీ లేదు. అరిస్తే ప్రైజు అంటే మా వీధిలో పాత ఇనుప సామాన్లు కొనేవాడికి ఏటా ఇవ్వాలి.

ఓరుగల్లు_77
గురూ, నేను అప్పుడు డల్లాస్‌ల ఉన్న. ఆఫీసుల ప్రతి తెల్లోడు పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకొని ఇదే అరుపు. మా మేనేజర్ యాభై ఏండ్ల మనిషి, టై కట్టుకొని నాలుక బయటపెడితే నాకు భయమైంది. ఉద్యోగం ఊడగొడ్తడేమో అనుకున్న.

కాపీ_కలం
హైదరాబాద్‌లో యాడ్ ఏజెన్సీల్లో ఇరవై ఏళ్లు కాపీ రాసినవాణ్ణి. ఈ ఒక్క యాడ్ మీద ఎంతసేపైనా వాదిస్తాను, కాస్త ఓపిక పట్టండి.

ముందు తెలుసుకోవాల్సింది, దీన్ని ఏజెన్సీలో కూర్చుని ఎవరూ "రాయలేదు". ఛార్లెస్ స్టోన్ అని ఫిలడెల్ఫియా మనిషి. మ్యూజిక్ వీడియోలు తీసేవాడు. ద రూట్స్ బ్యాండ్‌కి తీసిన ఒక వీడియోలో రాప్ వీడియోల్లో ఉండే కార్ల ఆర్భాటం, షాంపేన్ ఆర్భాటం అన్నిటినీ కింద అక్షరాలు వేసి మరీ వెక్కిరించాడు. మనిషి తీరు అది. అతనూ చిన్ననాటి స్నేహితులూ ఎన్నో ఏళ్లుగా ఫోన్లో ఒకళ్లనొకళ్లు పలకరించుకునే పద్ధతే ఈ అరుపు. దాన్నే 'ట్రూ' అనే చిన్న సినిమాగా తీశాడు. నటులెవరూ లేరు, ఆ స్నేహితులే. అందులో తనూ ఒకడు.

ఆ సినిమా చికాగోలో డీడీబీ ఏజెన్సీ కాపీరైటర్ విన్నీ వారెన్ కంటపడింది. ఆయన ఐరిష్ మనిషి. తన పై అధికారి డాన్ పోగ్‌కి చూపించాడు, ఇద్దరూ కలిసి బడ్‌వైజర్ తయారుచేసే ఆనైజర్-బుష్ కంపెనీ వారసుడు ఆగస్ట్ బుష్ (ఆ పేరున్నవాళ్లలో నాలుగోవాడు) ముందు వేశారు. ఆయన సరే అన్నాడు. నా దృష్టిలో అసలు కథ ఇక్కడుంది. కోట్ల డాలర్ల బ్రాండు, సెయింట్ లూయిస్‌లో తరాలుగా బీరు కాస్తున్న కుటుంబం. వాళ్ల ముందు "సార్, ఇందులో డైలాగు లేదు, అరుస్తారు" అని చెప్పి ఒప్పించడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. నేనైతే ఒక అగరొత్తుల క్లయింటు దగ్గర రెండు సెకన్ల నిశ్శబ్దానికి కూడా ఒప్పించలేకపోయాను. "డబ్బులు కట్టిన టైములో మాటలు లేకపోతే ఎట్లా" అన్నాడు ఆయన.

ఉల్లిపెసరట్టు
అగరొత్తుల ఆయన చెప్పిందీ న్యాయమే కదండీ.

కాపీ_కలం
అవును, డబ్బు ఆయనది.

మిగతాది కూడా చెప్పేస్తాను. యాడ్ తీసేటప్పుడు స్టోన్ న్యూయార్క్‌లో ఆడిషన్లు పెట్టాడు. అసలు నటులు కావాలి కదా అని. ఎవరు అరిచినా అది "అరిచినట్టు నటించడం" లాగే వచ్చింది. చివరికి మళ్లీ పాత స్నేహితులనే పిలిచాడు. ఒకతను రానన్నాడు. అతని స్థానంలో ఆడిషన్‌కి వచ్చిన స్కాట్ బ్రూక్స్‌ని పెట్టారు. కంప్యూటర్ ముందు కూర్చుని ఫోనెత్తే 'డూకీ' అతనే. అంటే గుంపులో బయటివాడు ఒక్కడే, జనానికి ఎక్కువ గుర్తుండిపోయిందీ వాడే.

మొదటిసారి వచ్చింది 1999 డిసెంబర్ 20న, సోమవారం రాత్రి ఫుట్‌బాల్ ఆట మధ్యలో. బాబాయ్ చూసింది దాని తర్వాత నెలన్నరకి.

సెయింట్‌లూయిస్_సుబ్బన్న
బాబాయ్ చెప్పిన ఆ ఆట గురించి ఒక మాట. 2000 జనవరి 30, అట్లాంటాలో. మా సెయింట్ లూయిస్ రామ్స్, టెన్నెసీ టైటన్స్. 23-16తో మేం గెలిచాం. ఆఖరి ఆటలో టైటన్స్ వాడు గీతకి ఒక్క గజం దూరంలో పడిపోయాడు. అలాంటి ఆట చూసి అర్థం కాలేదంటే నాకు కన్నీళ్లు వస్తున్నాయి. బడ్‌వైజర్ సొంతూరు జట్టు గెలిచింది, బడ్‌వైజర్ యాడ్ గెలిచింది. మా ఊళ్లో ఆ వారమంతా ఎవరూ మామూలుగా మాట్లాడలేదు. పెట్రోల్ బంకులో చిల్లర ఇస్తూ కూడా అరుపే.

బెంచిమీది_బాబాయ్
సుబ్బన్నా, ఆ గజం సంగతి ఇప్పుడే తెలిసింది. అప్పుడు మేం పులిహోర ఎవరు కలపాలని కొట్టుకుంటున్నాం.

అదే రోజు సాక్సు బొమ్మ యాడ్ కూడా వచ్చింది కదా, పెంపుడు జంతువుల వెబ్‌సైట్‌ది? అది బాగా నచ్చింది నాకు.

సెయింట్‌లూయిస్_సుబ్బన్న
పెట్స్ డాట్‌కామ్. అదే సంవత్సరం నవంబర్‌లో మూసేశారు. ఆ సూపర్ బౌల్‌లో డాట్‌కామ్ కంపెనీలు బారులు తీరి యాడ్‌లు వేశాయి, అర నిమిషానికి రెండు మిలియన్ డాలర్ల చొప్పున. ఏడాది తిరిగేసరికి వాటిలో చాలా పేర్లు లేవు. బీరు మిగిలింది.

ఓరుగల్లు_77
ఆ డాట్‌కామ్‌ల్లో ఒకదాంట్ల నా ప్రాజెక్టు ఉండె. బీరే మిగిలింది, నిజం.

చికాగో_చలి
అందరూ పొగడ్తల్లో మునిగారు గానీ ఒక లెక్క ఎవరూ చెప్పలేదు. 2001లో అమెరికాలో బడ్‌వైజర్ నంబర్ వన్ స్థానం పోగొట్టుకుంది. ఎవరికి? సొంత తమ్ముడు బడ్ లైట్‌కి. ప్రపంచమంతా అరిచింది, సీసా మాత్రం పక్కది కొన్నారు. 'గొప్ప యాడ్' అని కాన్‌లో చప్పట్లు కొట్టుకోవడానికి బాగానే ఉంటుంది. కాపీ_కలం గారూ, మీ క్లయింటు ఇలాంటిది ఒప్పుకుంటాడా?

కాపీ_కలం
దెబ్బ సరైన చోటే కొట్టారు. అయితే బడ్‌వైజర్ జారిపోవడం ఈ యాడ్‌తో మొదలవలేదు. ఎనభైల చివర్నుంచీ జనం లైట్ బీరు వైపు పోతూనే ఉన్నారు. కారుతున్న కప్పుకి ఒక్క పెంకు వేస్తే వాన ఆగదు. అయినా అప్పట్లో బడ్‌వైజర్ అంటే నాన్నలు తాగే బీరు, గుర్రబ్బండి బొమ్మ బీరు. కుర్రాళ్ల నోట మళ్లీ ఆ పేరు ఆడించింది ఈ యాడే. పోయే మార్కెట్‌ని ఆపడం యాడ్ వల్ల కాలేదు, ఒప్పుకుంటాను.

చికాగో_చలి
ఒప్పుకున్నారు, చాలు. ఇక మీ యాడ్‌ని ఏమీ అనను.

అట్లాంటా_అమ్మడు
ఒక విషయం ఎవరూ ఎత్తడం లేదు. వాళ్లంతా నల్లజాతి కుర్రాళ్లు. నేను ఇక్కడ యూనివర్సిటీలో పనిచేస్తాను, నా పక్క గదిలో ఉండే నల్లజాతి ప్రొఫెసర్‌తో ఒకసారి దీని గురించి మాట్లాడాను. ఆవిడ మాట రెండు వైపులా ఉంది. అప్పటికి యాడ్‌లలో నల్లజాతి మగవాడంటే బంతి ఆడేవాడో, ర్యాప్ పాడేవాడో. ఇందులో ఊరికే సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్నారు, అంతే. ఆ 'అంతే' చూసి ఆవిడకి సంతోషమేసిందట. కానీ మర్నాడు ఆఫీసులో తెల్లవాళ్లంతా తన ముందుకొచ్చి అదే యాసలో అరుస్తుంటే ఒళ్లు మండిందట. తన ఇంట్లో మాట బజారులో జోకైపోయినట్టు.

ఓరుగల్లు గారి మేనేజర్ కథ చదివి నవ్వాను గానీ, ఆ ఆఫీసులో ఉన్న నల్లజాతి వాళ్లకి ఎలా అనిపించి ఉంటుంది?

ఓరుగల్లు_77
నిజం చెప్పాలంటే అప్పుడు ఆలోచించలే మేడమ్. మా టీమ్‌ల ఒకాయన ఉండె. ఆయన నవ్వేటోడు కాదు, హెడ్‌ఫోన్ పెట్టుకునేటోడు. ఇప్పుడు గుర్తుకొస్తున్నది.

ఉల్లిపెసరట్టు
మన యాసని సినిమాల్లో కమెడియన్‌కి పెడితే మనం గింజుకోమా? శ్రీకాకుళం వాళ్లని అడగండి.

వంశధార_గట్టు
అడిగినందుకు చెప్తున్నాను. ఎన్నో ఏళ్లు మా మాట తెరమీద పనివాడి నోట్లోనే వినిపించింది. ఈ యాడ్‌లో తేడా ఏంటంటే, ఆ మాట ఎవరిదో వాళ్లే కెమెరా వెనకా ముందూ ఉన్నారు. తీసినవాడు వాళ్లలో ఒకడు. మా యాస కామెడీలకి మావాడెవడూ డైరెక్టర్ కాదు.

కాపీ_కలం
వంశధార గారూ, ఈ మాట నాకు తట్టలేదు.

అమ్మడు గారు చెప్పిన తెల్లవాళ్ల సంగతి మీద కంపెనీ తనే జోకు వేసుకుంది. 2001 సూపర్ బౌల్ యాడ్ చూడండి. స్వెట్టర్లు భుజాన వేసుకున్న డబ్బున్న కుర్రాళ్లు అదే వరసలో ఫోన్లు చేసుకుంటూ, ముక్కుతో "వాట్ ఆర్ యూ డూయింగ్" అంటారు. చివర్లో అసలు కుర్రాళ్లు టీవీలో అది చూసి బిత్తరపోయి కూర్చుంటారు. నాకైతే మొదటి యాడ్ కన్నా ఇదే ఎక్కువ ఇష్టం.

కోనసీమ_కొబ్బరాకు
ఇంత చర్చ జరుగుతోంది గానీ ముఖ్యమైన ప్రశ్న ఎవరూ వేయలేదు. దీన్ని తెలుగులో డబ్బింగ్ చేస్తే ఏమని అరవాలి?

ఓరుగల్లు_77
ఏందిర భయ్య్య్య్.

వంశధార_గట్టు
ఏట్రాఆఆఆ.

కడప_కారందోస
ఏమిరాఆఆ. కానీ మా వైపు ఇలా అరిస్తే పక్కింటివాళ్లు గొడవేమో అని కర్ర పట్టుకుని వస్తారు.

కోనసీమ_కొబ్బరాకు
మా వైపు "ఏరోఓఓయ్". కాలవ అవతలి గట్టు దాకా వినపడాలి. మాకు ఫోన్ కూడా అక్కర్లేదు.

పిల్లకాలువ
వాట్సాప్ పేరు ఈ యాడ్ నుంచే వచ్చిందని ఎక్కడో చదివాను, నిజమేనా?

చికాగో_చలి
'వాట్స్ అప్' అనే పలకరింపు మీద పేరు పెట్టుకున్నారు, 2009లో. ఆ పలకరింపు ఈ యాడ్ కన్నా చాలా పాతది. క్యారెట్ కొరుకుతూ బగ్స్ బన్నీ కుందేలు 1940 నుంచీ అదే అడుగుతోంది. యాడ్ చేసిందల్లా దాన్ని సాగదీయడం.

నెల్లూరి_చేపలపులుసు
నేను కాస్త చేదుగా మాట్లాడతాను, ఏమనుకోకండి. మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించినప్పుడు నాకు పన్నెండేళ్లు. మా అమ్మ కూడా చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లతో కలిసి సారా వేలంపాటల మీదకి వెళ్లింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ మద్యనిషేధం పెట్టాక, 97లో దాన్ని ఎత్తేసేదాకా ఉన్న ఆ రెండేళ్లు మా ఇంట్లో రాత్రుళ్లు ఎంత ప్రశాంతంగా ఉండేవో నాకే తెలుసు.

యాడ్ బాగుంది, నవ్వొస్తుంది. కానీ ఐదుగురు స్నేహితులు, చేతిలో సీసా, ఎవరికీ అప్పు లేదు, ఎవరింట్లో ఎవరూ ఏడవడం లేదు. తాగుడుని స్నేహం అనే చొక్కా తొడిగి చూపించడమే వీళ్ల పనితనం. దాన్ని గొప్ప అనాలంటే నాకు నోరు రాదు.

కాపీ_కలం
మేడమ్, దీనికి నా దగ్గర జవాబు లేదు. ఒక్క చిన్న వివరం చెప్తాను, అది మీ మాటకే బలం. అమెరికా టీవీలో బీరు యాడ్‌లలో గుటక వేస్తున్నట్టు చూపించరు. అక్కడి చానెళ్ల పాత ఆనవాయితీ అది. సీసా చేతిలో ఉంటుంది, నవ్వు మొహంలో ఉంటుంది, మధ్యలో తాగడం కనపడదు. ఈ యాడ్‌లోనూ "ఆట చూస్తున్నా, బడ్ తాగుతున్నా" అని చెప్పుకుంటారంతే.

పిల్లకాలువ
మన దగ్గరైతే అది కూడా కుదరదు కదా.

కాపీ_కలం
2000లో కేబుల్ టీవీ నిబంధనలు మార్చి మద్యం యాడ్‌లు పూర్తిగా ఆపేశారు. అప్పట్నుంచి మనవాళ్లు ఏం కనిపెట్టారో మీకు తెలిసిందే. సోడా, మంచినీళ్లు, మ్యూజిక్ సీడీలు. బ్రాండ్ పేరు అదే, అక్షరాలు అవే, సీసా మాత్రం ఉండదు. ఆ సీడీ షాపులో ఎప్పుడైనా దొరికిందా ఎవరికైనా?

కోనసీమ_కొబ్బరాకు
మా బావ నిజంగానే షాపుకెళ్లి ఆ సోడా అడిగాడు. షాపువాడు "దాంతోపాటు ఏది కావాలి సార్" అన్నాడు.

కడప_కారందోస
ఇప్పుడు ఆ బడ్‌వైజర్ మన హైదరాబాద్ దగ్గరే తయారవుతోంది. యాడ్ మాత్రం చూపించకూడదు. ఏం న్యాయం ఇది?

నెల్లూరి_చేపలపులుసు
మంచి న్యాయమే.

అట్లాంటా_అమ్మడు
2008లో అదే మనుషులు మళ్లీ కలిసి ఇంకో వీడియో చేశారు, దాన్ని కూడా చూడండి. బీరు కంపెనీకి దాంతో సంబంధం లేదు. ఒబామా ఎన్నికల ముందు స్టోన్ సొంతంగా తీశాడు. అదే ఫోన్, అదే పలకరింపు, ఎనిమిదేళ్ల తర్వాత. ఒకడు ఇరాక్‌లో సైనికుడు, ఒకడికి ఉద్యోగం పోయింది, ఒకడు దెబ్బలు తగిలి వైద్యానికి దారి లేక ఉన్నాడు, ఒకడు తుఫానులో, ఒకడు షేర్లు పడిపోతుంటే చూస్తున్నాడు. "వస్సాప్" అని అరుస్తారు గానీ అది ఏడుపు. మొదటి యాడ్ తెలిసినవాళ్లకి గొంతు పట్టేస్తుంది. నెల్లూరు మేడమ్ అడిగిన అప్పులూ ఏడుపులూ అందులో ఉన్నాయి, కారణం బీరు కాకపోయినా.

సెయింట్‌లూయిస్_సుబ్బన్న
అదే 2008లో మా ఊరి కంపెనీని బెల్జియం బీరు కంపెనీ ఇన్‌బెవ్ కొనేసింది, 52 బిలియన్ డాలర్లకి. ఊళ్లో చావు ఇల్లులా ఉండింది.

ఆ తర్వాత 2020 లాక్‌డౌన్‌లో పాత వీడియోకే కొత్త మాటలు డబ్బింగ్ చేసి వదిలారు, ఇంట్లో ఉన్నాం, స్నేహితుల బాగోగులు కనుక్కోండి అంటూ. అది పర్వాలేదు అంతే.

ఉల్లిపెసరట్టు
ఇంత చదివాక ఇప్పుడే మళ్లీ చూశాను. ఒక మాట ఒప్పుకుంటాను. అరుపు కాదు, అరుపు ముందూ వెనకా ఉన్న నీరసం బాగుంది. మొదట ఇద్దరూ ప్రాణం లేనట్టు మాట్లాడతారు. ఇంకొకడు వస్తాడు, ఇంకో ఫోను, గేటు దగ్గర ఇంకొకడు, గోల పైకి పైకి పోతుంది. ఠక్కున అందరూ పెట్టేస్తారు. మళ్లీ ఆ ఇద్దరే, మళ్లీ అదే నీరసం. "ట్రూ." "ట్రూ." వాయిద్యం ఆగాక తంబురా ఒక్కటే మిగిలినట్టు.

ప్రైజు మాత్రం ఇనుప సామాన్ల ఆయనకే.

బెంచిమీది_బాబాయ్
ఇన్ని పోస్టులు చదివాక నాకొకటి గుర్తొచ్చింది. 2001లో నా ప్రాజెక్టు పోయి బెంచ్ మీద పడ్డాను, జీతం లేదు. గెస్ట్ హౌస్‌లో నా పక్క పరుపు కుర్రాడికి అప్పటికే ఓహాయోలో పని దొరికి వెళ్లిపోయాడు. రోజూ రాత్రి ఫోన్ చేసేవాడు. ఏం మాట్లాడేవాళ్లం అంటే,

"ఏరా."
"ఏం లేదురా."
"తిన్నావా?"
"తిన్నా."
"ఏంటి?"
"పప్పు. నువ్వు?"
"పప్పే."
"ఊఁ."

అయిపోయింది. ఐదు డాలర్ల ఫోన్ కార్డు ఇలా తగలేసేవాళ్లం. వీసా గురించిగానీ డబ్బు గురించిగానీ ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. మా ఊరి నుంచి మా అమ్మ చేసినా అంతే, "తిన్నావా"తో మొదలు, "ఊఁ"తో అయిపోయేది. వాళ్ల "ట్రూ"కీ మా "ఊఁ"కీ తేడా ఏముంది? అప్పుడు ఆ టీవీ ముందు కూర్చుని అర్థం కాలేదని ఎందుకనుకున్నానో.

ఓరుగల్లు_77
బాబాయ్, ఆ ఓహాయో దోస్తు ఇప్పుడేడ ఉన్నడు?

బెంచిమీది_బాబాయ్
సియాటిల్‌లో అనుకుంటా. మాట్లాడి ఆరేడేళ్లయింది. నంబర్ ఉంది.

ఓరుగల్లు_77
ఇంకేంది మరి, కొట్టు ఫోను.

కోనసీమ_కొబ్బరాకు
హలో అనకండి. ఏరోఓఓయ్ అనే అనాలి.

బెంచిమీది_బాబాయ్
చేశాను. ఎత్తలేదు. వాయిస్ మెయిల్‌లో నా శక్తి కొద్దీ "వస్సాఆఆప్" అని అరిచి పెట్టేశాను. మా ఆవిడ ఏమైందో అని చేతిలో అట్లకాడతో పైకి పరిగెత్తుకొచ్చింది. మా అబ్బాయి ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

అట్లాంటా_అమ్మడు
ఏమన్నాడో చెప్పండి, నేను పడుకోకుండా చూస్తున్నాను.

బెంచిమీది_బాబాయ్
ఇప్పుడే మెసేజ్ వచ్చింది. "ఎవరండీ మీరు?"

ఉల్లిపెసరట్టు
ట్రూ.

బెంచిమీది_బాబాయ్
ఆగండి, ఇంకోటి వచ్చింది. "పులిహోర బ్యాచేనా?"